మూడో సంపుటంలో భార్యలు

నేను ఏం చదువుతున్నానని ఎవరైనా అడిగితే నాకంటే ముందు మా ఆయన జవాబు చెప్పేవారు. “పాతకాలపు ఇంగ్లీషు లవ్ స్టోరీలండీ, టైమ్‌పాస్” అనేవారు. వచ్చినవాళ్లు నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ పళ్లికిలించేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అవి లవ్ స్టోరీలు కావు. విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్లు రాసి, ఆడవాళ్లు ఎగబడి చదివిన నవలలు. ప్రేమ వాటిలో మొదటి వంద పేజీల్లోనే అయిపోతుంది, తర్వాతదంతా పెళ్లే. ఒక్కో నవల మూడు సంపుటాలు. మామూలువాళ్లు కొనగలిగేవి కావు కాబట్టి చందా కట్టి, లైబ్రరీ నుంచి ఒక్కో సంపుటం చొప్పున ఇంటికి తెచ్చుకునేవారు. ఈ ఏర్పాటు అర్థం కావడానికి యూనివర్సిటీ క్లాసులో మిగతావాళ్లకి ఒక పూట పట్టింది. నాకు ఒక్క ముక్కలో అర్థమైపోయింది. మా ఊళ్లో బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు ఉండేది. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, లోపల షాపాయన రబ్బరు స్టాంపు, నాకంటే ముందు చదివినావిడ పెన్సిలుతో గీసిన గీతలు. పదో తరగతి సెలవుల్లో రోజుకొక తెలుగు నవల నమిలి పారేశాను. ఆ హీరోయిన్లు డిగ్రీలు చదివేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, మాటకి మాట అప్పజెప్పేవాళ్లు. చివరి ముప్పై పేజీల్లో హీరో లాగి ఒక్కటిచ్చేవాడు. ఆవిడకి బుద్ధొచ్చి అతని గుండెల మీద తల వాల్చేసేది. నేను మంచం మీద బోర్లా పడుకుని ఆనందబాష్పాలు కార్చేదాన్ని. ఛీ.

ఇంగ్లీషు నవలల్లో చెంపదెబ్బ ఉండదు, అంతే తేడా. మొదటి రెండు సంపుటాల్లో ఆ భార్య చెయ్యని పని లేదు. ఇల్లు వదిలి మారుపేరుతో బతుకుతుంది. భర్త దాచిపెట్టిన మొదటి పెళ్లిని బయటికి లాగుతుంది. పిచ్చిదని ముద్ర వేసి ఆస్పత్రిలో పడేస్తే గోడ దూకి వస్తుంది. మూడో సంపుటంలో మాత్రం మోకాళ్ల మీద కూలబడి క్షమించమంటుంది. తప్పు ఎవరిదైనా సరే, క్షమాపణ మాత్రం ఆవిడదే. ఆ నవలలు రాసినవాళ్లలో చాలామంది మొగుడినీ పిల్లలనీ కలం మీద పోషించినవాళ్లు. ఇంతా చేసి పుస్తకం అట్ట మీద శ్రీమతి ఫలానా అని మొగుడి పేరు. మొదటి రెండు సంపుటాలూ రచయిత్రివి, మూడోది లైబ్రరీ యజమానిది అన్నది నా సిద్ధాంతం. భార్య లొంగకపోతే ఆయన ఆ పుస్తకాన్ని సంసారుల ఇళ్లకి పంపడు. పంపకపోతే రాసినావిడ ఇంట్లో పొయ్యి వెలగదు. నా థీసిస్‌లో ఈ సంగతి నిలబెట్టడానికి రెండేళ్లు చదివాను, టైమ్‌పాస్‌కి కాదు.

మేముండేది ఐర్లండ్‌లోని డండాక్‌లో, అద్దె ఇంట్లో. మా ఆయన ఆఫీసూ నా యూనివర్సిటీ డబ్లిన్‌లో. కరోనా వచ్చాక రెండూ ఇంట్లోకి వచ్చేశాయి. మేడ మీది బాక్స్‌రూమ్‌కి తలుపు ఉంది కాబట్టి అది ఆయన ఆఫీసైంది. అమ్మాయికి పదేళ్లు, బడి ఆన్‌లైన్‌లో, కాబట్టి సిట్టింగ్ రూమూ అందులోని టేబులూ దానివి. నాకు వంటగది మిగిలింది. ఇస్త్రీ బల్లని నడుమెత్తుకి లేపి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి రాసేదాన్ని. నోట్సు కట్టలు కందిపప్పు డబ్బాల పక్కన ప్రెస్‌లో దాచేదాన్ని. ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు, నాకూ అదే నోటికి అలవాటైపోయింది. కుక్కర్ మూడో కూత వేసేలోపు ఒక పేరా అవ్వాలని పందెం కాసుకుని రాసేదాన్ని. తలుపున్న గది నాకూ రోజుకి ఒక గంట కావాలని అడగాలన్న ఆలోచన కూడా రాలేదంటే చూడండి నా తెలివి.

అంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకొకటి చేశాను. పెళ్లైన కొత్తలో మా ఇద్దరి పేర్లూ కలిపి ఒకే ఈమెయిల్ ఐడీ పెట్టుకున్నాం. మా ఈడు సాఫ్ట్‌వేర్‌వాళ్ల ఇళ్లలో అదొక ముచ్చట. ముందు ఆయన పేరు, వెనక నా పేరు, చివర పెళ్లి తేదీ. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆలోచన నాదే. అప్పటిదాకా ఉన్న నా ఐడీని మూసేసిన రోజు మురిసి ముక్కలైపోయాను. ఇక బ్యాంకుకీ వీసాకీ డాక్టరుకీ బడికీ అదే ఐడీ, ఓటీపీలన్నీ ఆయన ఫోనుకే. ఫారాలన్నీ ఆయనే నింపుతారు. యూనివర్సిటీలో నా స్టూడెంట్ అకౌంట్ తెరిచిందీ ఆయనే, పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే. నా లాప్‌టాప్‌లోనూ తన లాప్‌టాప్‌లోనూ సేవ్ చేసి, నువ్వేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు అన్నారు. నేను బుద్ధిగా గుర్తుపెట్టుకోలేదు. నూటయాభై ఏళ్ల కిందటి భార్యల ఉత్తరాలు మొగుళ్లు విప్పి చదవడం గురించి నలభై పేజీల అధ్యాయం రాసిన మహాతల్లిని, నా పాస్‌వర్డ్ ఏమిటో నాకు తెలియదు.

ఆ జనవరిలో బళ్లు మళ్లీ మూసేశారు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదు. ఫిబ్రవరి చివర థీసిస్ ఇచ్చెయ్యాలి. ఒకరోజు పొద్దున్న అమ్మాయి లెక్కల క్లాసు ఆగిపోయింది, పొయ్యి మీద చారు పొంగింది, రాసుకున్న రెండు పేజీలు సేవ్ అవ్వలేదు. కెటిల్ ముందు నిలబడి భోరున ఏడ్చాను. టీ కోసం కిందకి వచ్చిన మా ఆయన నా భుజం మీద చెయ్యేసి, “నువ్వు టెన్షన్ పడకు. నేను చూసుకుంటాలే” అన్నారు. అమ్మాయి లెక్కలు చూస్తారనుకున్నాను. ఆ చెయ్యి నాకు హాయిగానే అనిపించింది. అది గుర్తొస్తే ఇప్పుడు ఇంకా మంట.

గడువు ఇంకా పదకొండు రోజులుందనగా చివరి అధ్యాయం మా మేడమ్‌కి పంపాను. మేడమ్ అంటే నా గైడు, అరవై దాటిన ఐరిష్ ఆవిడ. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు. గంటలో జవాబు వచ్చింది. అధ్యాయం చాలా బాగుందట. అయినా తొందరేమీ లేదట, వచ్చే ఏడాదిదాకా టైమ్ ఉంది కదా అట. ఇంట్లో ఇబ్బందులు సర్దుకున్నాయని ఆశిస్తున్నారట.

ఏ వచ్చే ఏడాది? ఏం ఇబ్బందులు? నేను పంపిన మెయిల్స్ తెరిచి కిందికి వెళ్తుంటే దొరికింది. పధ్నాలుగు రోజుల కిందట నా పేరుతో యూనివర్సిటీ ఆఫీసుకీ మేడమ్‌కీ ఒక ఉత్తరం వెళ్లింది. ఇంటి పరిస్థితుల వల్ల, కుటుంబంతో బాగా ఆలోచించిన మీదట, థీసిస్‌ని ఒక ఏడాది వాయిదా వేసుకుంటున్నాను అని. చక్కటి ఇంగ్లీషు. కింద నా పూర్తి పేరు. జతగా నింపిన ఫారం. కుటుంబంతో ఆలోచించారట, ఆ కుటుంబంలో నేనొక్కదాన్నే లేను. ఆఫీసు నుంచి వచ్చిన ఆమోదం నా కంట పడకపోవడానికి కారణం కూడా దొరికింది. పని అయిపోయిన ప్రతి మెయిల్‌నీ ‘పూర్తయినవి’ అనే ఫోల్డర్‌లోకి తోసే అలవాటు మా ఆయనకి. కారు ఇన్సూరెన్సు, బాయిలర్ రిపేరు, నా చదువు, వరసగా అందులో ఉన్నాయి. తప్పని తెలిసి చేసినవాడైతే చెరిపేసేవాడు. ఆయన భద్రంగా ఫైల్ చేశారు.

పదకొండింటికి ఆయన టీకి దిగారు. నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

“నా పేరుతో ఇది మీరు రాశారా?”

“రాశాను,” అన్నారు, కప్పులో పాలు పోసుకుంటూ. “నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను. అడగడానికి నీకు మొహమాటం. నీ తరఫున నేనడిగాను. నీ టెన్షన్ తగ్గాక చెబుదామనుకున్నా. ఒక్క ఏడాదేగా.”

ఆ మొహంలో తడబాటన్నది లేదు. మెచ్చుకుంటానని ఎదురు చూస్తున్నట్టుంది. ఒక్క ఏడాదేగా అన్న మాట నాకు కొత్త కాదు. పెళ్లప్పుడు చేతికొచ్చిన లెక్చరర్ ఉద్యోగం ఒక్క ఏడాది ఆగి చేరదామన్నారు. అమ్మాయి పుట్టినప్పుడు బీఈడీ ఒక్క ఏడాది ఆపుదామన్నారు. ఆ రెండు ఏడాదులూ కలిసి పన్నెండేళ్లు అయ్యాయి. పైగా మేడమ్ ఆ వేసవిలో రిటైరవుతున్నారు. ఎవరూ చదవని ఆ నవలల్ని పట్టించుకునే మనిషి ఆ డిపార్ట్‌మెంటులో ఇంకొకరు లేరు. ఇవన్నీ ఆయనకి తెలుసు. భోజనాల దగ్గర నేనే చెప్పాను.

“ఏడ్చింది నేను,” అన్నాను. “మానేస్తానని నేను అన్నానా?”

ఆయన టీమ్ కాల్ ఉందని గడియారం చూసుకున్నారు. ఆ కాల్ కింద ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చేసుకోండి, పైగది నాకు కావాలి అని చెప్పి మెట్లెక్కి తలుపేసుకున్నాను. పెళ్లైన పన్నెండేళ్లలో నేను వేసుకున్న మొదటి తలుపది.

మేడమ్‌కి వీడియో కాల్ చేశాను. ఆవిడ తెర మీదికి రాగానే, ఆ ఉత్తరం నేను రాయలేదని, మా ఆయన రాశారని చెప్పేశాను. చెబుతుంటే తల కొట్టేసినట్టయింది. ఇంటి గుట్టు బయట పెడుతున్నానని నాకే నా మీద అసహ్యం వేసింది, చేసింది ఆయనైతే సిగ్గు నాకు. ఆవిడ నెమ్మదిగా ఒక సంగతి చెప్పారు. నేను పంపే ప్రతి మెయిల్‌లో కనీసం మూడు సారీలు ఉంటాయట. అడిగినందుకు సారీ, ఆలస్యమైనందుకు సారీ, ఇబ్బంది పెట్టినందుకు సారీ. ఆ ఉత్తరంలో మాత్రం ఒక్క సారీ కూడా లేదట.

“అనుమానం రాలేదా మేడమ్?” అన్నాను.

“నీకు ధైర్యం వచ్చిందనుకుని సంతోషించాను,” అన్నారావిడ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన రాస్తే ధైర్యంగా ఉండే మాట నేను రాస్తే బతిమాలుకున్నట్టు ఎందుకుంటోంది?

సాయంత్రానికి ఆవిడ ఆఫీసుతో మాట్లాడి ఫోన్ చేశారు. వాయిదా నమోదైపోయిన తర్వాత మనసు మార్చుకున్నానంటే ఒప్పుకోరట. ఆ అర్జీ అసలు విద్యార్థి చేసింది కాదని తేలితేనే రద్దు చేస్తారట. దానికి నేను రాతపూర్వకంగా ఇవ్వాలి: నేను పంపలేదు, ఫలానావారు పంపారు అని. రేపు సాయంత్రం ఐదింటిలోపు. నోటిమాట చెల్లదట.

ఈ మాట వినగానే మా ఆయన మొహం మొదటిసారి పాలిపోయింది. మేం అప్పటికే ఐరిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉన్నాం. అందులో మనిషి నడవడి కూడా చూస్తారు. ఆయన కంప్యూటర్లతో పని చేసే మనిషి. వేరొకరి అకౌంట్‌లోకి వెళ్లి వాళ్ల పేరుతో ఉత్తరం పంపాడని కాగితం మీద ఉంటే ఆఫీసులో ఏమంటారు, దరఖాస్తు చూసేవాళ్లేమంటారు, రేపు గార్డ్స్ తలుపు తడితే ఏం చెప్పాలి అని లెక్కలు మొదలుపెట్టారు. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు. “నీ థీసిస్ కోసం ముగ్గురి పాస్‌పోర్టులు పణం పెడతావా?” అన్నారు. అలాంటివి నిజంగా లెక్కలోకి వస్తాయో రావో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. భయం మాత్రం నిజమైనదే, నాకూ పట్టుకుంది. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగ్గా తిన్లేదు.

మర్నాడు పొద్దున్న ఆయన మొహం కళకళలాడుతూ వంటగదిలోకి వచ్చారు. ఉపాయం దొరికిందట.

“పిల్ల పంపిందని రాయి,” అన్నారు. “నీ లాప్‌టాప్‌లో ఆడుకుంటూ పొరపాటున పంపేసిందని. పదేళ్ల పిల్లని ఎవరేమంటారు? నీ థీసిస్ నీకుంటుంది, మన దరఖాస్తు మనకుంటుంది.”

ఆ నవలల్లో ఇది నేను ఎన్నోసార్లు చదివాను. తండ్రి చేసిన దొంగ సంతకం, అన్న పోగొట్టిన పరువు, ఏదైనా సరే, చివరికి ఇంట్లో ఒక ఆడపిల్ల ముందుకొచ్చి తనదేనంటుంది. పాఠకులు ముక్కు చీదుకుంటారు. ఇంత అతి ఎక్కడి నుంచి పట్టుకొచ్చారమ్మా మీరు అని ఆ రచయిత్రుల్ని మార్జిన్లలో ఎగతాళి చేశాను కూడా. ఎక్కడి నుంచో కాదు, వాళ్ల ఇళ్లలో నుంచే తెచ్చుకున్నారు.

నేను వెంటనే నిప్పులు చెరిగానని రాసుకుంటే బాగుండేది. అబద్ధమెందుకు, ఒక అర నిమిషం నేనూ ఆలోచించాను. నిజమే, పదేళ్ల పిల్లని ఎవరేమంటారు? దానికి తెలియనైనా తెలియదు. రెండేళ్ల కష్టం నిలబడుతుంది, కాపురం నిలబడుతుంది. నా బుర్రలో వాక్యం కూడా తయారైపోయింది, మంచి ఇంగ్లీషులో.

తలుపు దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. క్లాసు మధ్యలో పది నిమిషాలు వదిలితే టోస్ట్ కోసం వచ్చింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఇక్కడి పిల్లల ఇంగ్లీషే. నా మొహం, వాళ్ల నాన్న మొహం మార్చి మార్చి చూసింది.

“ఇట్స్ గ్రాండ్, అమ్మా,” అంది, ఫర్వాలేదన్నట్టు. “జస్ట్ సే ఇట్ వాజ్ మీ. ఐ డోంట్ మైండ్.”

దాని గొంతులో భయం లేదు, ఉక్రోషం లేదు. పెద్దవాళ్లకి సాయం చేస్తున్నానన్న సంతోషం ఉంది. వాళ్ల నాన్న గట్టిగా ఊపిరి వదిలి దాని తల నిమిరారు.

“నా బంగారుతల్లి,” అన్నారు.

అది ఆయన వైపు చూసి వెలిగిపోతూ నవ్వింది. చెయ్యని తప్పు ఒప్పుకుంటే బంగారుతల్లివి అవుతావని నా కూతురు నా కళ్ల ముందే, నా వంటగదిలోనే నేర్చుకుంది. నేర్పింది ఆయనొక్కరే కాదు. మూడేసి సారీలతో మెయిల్ రాసే నన్ను చూస్తూ పెరిగింది అది. నాకొచ్చిన కోపం ఎవరి మీదో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఆయన మీద, నా మీద, ఆ రచయిత్రుల మీద, అద్దె షాపులో పెన్సిలు గీతలు గీసినావిడ మీద కూడా.

దాని తల మీద నుంచి ఆయన చెయ్యి తీసేశాను. దాన్ని ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. దాని ముందే టైప్ చేశాను, ఒక్కో వాక్యం పైకి చదువుతూ. ఆ ఉత్తరం నేను రాయలేదు. నా భర్త రాశారు. నన్ను అడగలేదు. నాకు చెప్పలేదు. నా థీసిస్ నేను గడువులోపే ఇస్తాను.

“విల్ డాడీ బీ ఇన్ ట్రబుల్?” అని అడిగింది అది.

“కావచ్చు, నాకు తెలీదు,” అన్నాను. “నువ్వు చెయ్యంది చేశానని ఎవరి కోసమూ చెప్పకు. నాన్న కోసం వద్దు. నా కోసం కూడా వద్దు.”

అది తలూపలేదు. వాళ్ల నాన్న వైపు చూసింది, ఏమంటారోనని. నేను పంపేశాను.

“నా గురించి ఏమని రాశావు?” అన్నారాయన, ఇందాకంతా విని కూడా.

“మీరు చేసిందే రాశాను,” అన్నాను.